గడప లేని ఇల్లు

సంఘ పెద్ద పట్టాభి గారి ప్రార్థన సరిహద్దులో సైనికుల దాకా వచ్చేసరికి తట్టలో కలిపి ఉంచిన సిమెంటు గట్టిపడటం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని వినవలసిన అమల ఒక కన్ను తెరిచి తట్ట వంక చూసింది. మేస్త్రీ దశరథ రెండు కళ్లూ తెరుచుకునే, తాపీతో సిమెంటును కలియదిప్పుతూ దాని ప్రాణం నిలబెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ముందు ప్రార్థన చేసుకుని తర్వాత సిమెంటు కలుపుకుందామని ఆమె మొదటిరోజు నుంచీ మొత్తుకుంటోంది. వినే నాథుడు లేడు. "దేవుని పనికి అన్నీ సిద్ధం చేసుకుని ప్రార్థించాలి సిస్టర్" అంటాడు పట్టాభి. దేవుడికి తొందర లేకపోవచ్చు, సిమెంటుకు ఉంటుందని ఆయనకు చెప్పేదెవరు?

"ఆమెన్" అనడం ఆలస్యం, దశరథ తట్ట ఎత్తుకుని పరుగెత్తాడు.

వానాకాలంలో మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన పక్క బస్తీ మీద పడ్డప్పుడు ఈ సందులో ఇళ్లన్నీ నడుముదాకా మునిగాయి. పాత గోడలు నానిపోయి కూలాయి. ఎల్బీ నగర్‌లోని అమల వాళ్ల సంఘం ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడ ఇళ్లు కట్టిద్దామని తీర్మానించింది. తీర్మానానికేం, చేతులెత్తితే అయిపోతుంది. దగ్గరుండి ఎవరు చూసుకుంటారు అనేసరికి అందరూ తల తిప్పి అమల వంక చూశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం పిల్లల తండ్రులతో వాదించే మనిషి కదా, ఇదీ నెగ్గుకొస్తుందని వాళ్ల నమ్మకం. కాదనడం చేతకాక ఆమె తలూపింది. అప్పటినుంచీ తల ప్రాణం తోకకొస్తోంది.

సాయానికి వచ్చిన కుర్రకారు అంతా మంచివాళ్లే. అందులో అనుమానం లేదు. అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకొచ్చారు, వీపు మీద బైబిలు వాక్యం కూడా అచ్చు వేయించారు. ఇటుక ఎత్తడానికి మాత్రం గ్లవుజులు కావాలన్నారు. గ్లవుజులు వచ్చాక ఇటుకతో ఫొటో కావాలన్నారు. గౌతమ్ అనే కుర్రాడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటి నుంచి పని అని చెప్పి ఇక్కడి నుంచి పని చేస్తున్నాడు. ఇంటి మధ్యలో ఉన్న బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని, చెవిలో మీటింగు వింటూ, చేత్తో గోడ తడుపుతాడు. ఒకసారి మీటింగులో ఎవరో ఏదో అడిగితే కంగారుపడి పైపు లాప్‌టాప్ మీదికి తిప్పాడు. మిగతా పూటంతా బస్తీలో అందరి ఇళ్లకూ తిరిగి ఎండు గుడ్డలు అడుక్కొచ్చాడు.

ఇంతకీ ఆ బియ్యం డబ్బా, ఆ ఇల్లు అండాలమ్మవి. సందులో మొదటి ఇల్లు కాబట్టి మొదట దీన్నే ఎత్తుకున్నారు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేస్తుంది. భర్త లచ్చయ్య మెట్రో స్టేషన్ కింద తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతాడు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇల్లు పోయాక కమ్యూనిటీ హాల్లో తలదాచుకున్నారు. హాలు ఖాళీ చెయ్యమన్నాక తమ ఇంటి ఎదురుగానే టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. కొత్తింటికి కప్పు పడ్డాక తడవకూడని సామాను మాత్రం కొంత లోపల పెట్టుకున్నారు.

ఆదివారం గృహ ప్రతిష్ఠ. పాస్టర్ గారు వస్తారు. విజయవాడ నుంచి దాతలైన దంపతులు వస్తున్నారు. ఈ ఇల్లు నచ్చితే సందులో మిగతా ఇళ్లకు కూడా వాళ్లే సాయం చేస్తారు. నచ్చకపోతే ఆ ఇళ్లు కూలిన గోడల దగ్గరే ఆగిపోతాయి. అందుకే గురువారం నాడు తలుపు నిలబడగానే అమలకు సగం బరువు దిగినట్టయింది. ఇనప చట్రం, నీలం రంగు తలుపు. సండే స్కూలు గదుల కోసం చేయించినవాటిలో ఒకటి మిగిలితే పట్టాభి గారు ఇక్కడికి పంపించారు. వృథా పోకుండా భలే కలిసొచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం అండాలమ్మ షేర్ ఆటో దిగి సందులోకి వచ్చింది. చేతిలో హాస్టల్ నుంచి తెచ్చుకున్న కూర టిఫిను. తలుపు చూసి దూరంలోనే ఆగిపోయింది. అమల సంతోషంగా ఎదురెళ్లింది.

"చూశావా, నువ్వు వచ్చేలోపు నిలబెట్టేశాం! రంగు కూడా వేసే ఉంది. ఎలా ఉంది?"

అండాలమ్మ తలుపు దగ్గరికి వచ్చి, వంగి, చట్రం కింద చేత్తో తడిమింది. రెండు పక్కలా, పైనా ఇనుముంది. కింద ఏమీ లేదు. సందులోని సిమెంటు నేల నేరుగా లోపలి నేలలో కలిసిపోయింది.

"గడపేది?" అంది.

"గడప లేని రకం ఇది. పిల్లలు తట్టుకుని పడకుండా అలా చేయించారు."

"మా ఇంట్ల పిల్లలెక్కడున్నరు?"

"ఉన్నారని కాదు అండాలమ్మా. ఇది మిగిలింది, దాన్నే..." అమల చప్పున మాట మార్చింది. "ఊడ్చుకోవడం ఎంత తేలికో చూడు. చీపురు పెడితే చెత్త తిన్నగా బయటికే."

"బయటి చెత్త గూడ తిన్నగ లోపల్కే" అంది అండాలమ్మ. టిఫిను చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి టార్పాలిన్ కింద చాప మీద కూర్చుంది. ఇంట్లో అడుగు పెట్టలేదు.

జామకాయల బండి తోసుకుంటూ అప్పుడే వచ్చిన లచ్చయ్య సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "గడప లేకుంటే ఏమైతదే? గీళ్లు ఇల్లు కట్టిచ్చుడే ఎక్వ. ఎవలన్న కట్టిస్తున్నరా ఇయ్యాల రేపు?"

"నువ్వు నోర్ముయ్యి. నీకేం ఎర్క? పొద్దుగాల పోతవ్, మాపటికొస్తవ్."

"మేడం, మీరేం ఫికర్ పెట్టుకోకుండ్రి. దీనిది గింతే" అని అమలకు హామీ ఇచ్చి లచ్చయ్య ఒక జామకాయ కోసి ఉప్పు కారం అద్ది చేతిలో పెట్టాడు. అమల అది తింటూనే అండాలమ్మ ఎదురుగా కూలబడింది. నచ్చజెప్పడం ఆమె వృత్తి. ఇంజినీరింగ్ కావాలన్న పిల్లాడి తండ్రిని అదే కౌంటర్ దగ్గర మెడిసిన్‌కు ఒప్పించిన రోజులున్నాయి.

"పసుపు రాయడానికే కదా? గోడకు రాసుకో. ఎవరు వద్దన్నారు?"

"పసుపు ముచ్చట నాది, దాన్ని విడువుండ్రి. గడప లేనిది ఇల్లెట్లయితదమ్మా? గట్లుంటే అది షటర్. దుకాణం. దుకాణంలకైతే ఎవలన్న ఒస్తరు, ఎవలన్న పోతరు."

"తలుపుంది కదా! గొళ్లెం కూడా ఉంది."

"తలుపు రాత్రికి. పగటి సంగతేంది?"

ఏ ముక్క చెప్పినా దానికొక ముక్క సిద్ధంగా ఉంది. అమలకు ఒళ్లు మండింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. ఎవరికి కావాలి ఈ సంత? పక్కింటివాళ్లు తమ వంతు ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూస్తుంటే ఈమెకు గడప లేదని అలక! జామకాయ ముక్క పూర్తి చేసి, చేతులు దులుపుకుని, విసురుగా అండాలమ్మ ఇంట్లోకి వెళ్లి కూజాలో నీళ్లు వంచుకు తాగింది.

*

శుక్రవారం పొద్దున కూడా అండాలమ్మ టార్పాలిన్ కిందే కట్టెల పొయ్యి మీద టీ కాచింది. లచ్చయ్య పెట్టె ఒకటి మోసుకెళ్లి కొత్తింట్లో పెట్టబోతే మధ్యలోనే ఆపింది. ఆమె నిలబడి చూస్తుండగానే గౌతమ్ వాళ్లు బూట్లతో లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. పట్టాభి గారు వచ్చీ రాగానే తిన్నగా లోపలికి నడిచి, అలమారా తలుపు తెరిచి, అందులో ఆమె దాచుకున్న గాజుల పెట్టె పక్కకు జరిపి, గోడకు చెమ్మ వచ్చిందేమో వేలితో గీకి చూశాడు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఏదైనా స్వయంగా ముట్టుకుని చూస్తే తప్ప నమ్మడు. బాప్తిస్మం తీసుకున్నా తల్లి పెట్టిన పేరు మార్చుకోనన్న పట్టుదల ఆయనది. మరి అంత పట్టుదల కలవాడు ఎదుటివాళ్ల పట్టుదల దగ్గర మాత్రం అగ్గి మీద గుగ్గిలమవుతాడు. అమల గడప మాట ఎత్తగానే అదే అయింది.

"గడప పెడితే ఆమె ఏం చేస్తుంది? పసుపు రాస్తుంది. పసుపు రాస్తే బొట్టు పెడుతుంది. బొట్టు పెడితే పూజ. సంఘం కానుకలతో మనం పూజకు పీట వేసినట్టు కాదా సిస్టర్?"

"మీ ఇంట్లో గడప లేదా బ్రదర్ గారూ?"

"ఉంది. దాని మీద పసుపు లేదు."

"మరి గడప వల్ల తప్పు లేదన్నమాటేగా!"

"మాటకు మాట అనడం తేలికే. పాస్టర్ గారు వచ్చేసరికి గుమ్మానికి బొట్లుంటే ఆయనకు జవాబు మీరు చెప్తారా, నేను చెప్పనా? ఆమెకు ఇల్లు కావాలో వద్దో అడగండి. వద్దంటే గోడలు కట్టాం, కప్పు వేశాం, మన బాధ్యత తీరింది. ఆదివారం ఎవరూ కాపురం లేని ఇంటికి ప్రతిష్ఠ చెయ్యలేం. ఆ విజయవాడ వాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను."

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. అమల సందు చివరిదాకా చూసింది. పక్కింటి యాదలక్ష్మి కూలిన గోడ మీద కూర్చుని, తమ మాటలు వినపడనట్టు నటిస్తూ, చాటలో బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

"వాననీళ్లు, బ్రదర్ గారూ" అంది అమల. అప్పటికప్పుడు తట్టింది. "అడ్డం లేకపోతే సందులో నీళ్లు లోపలికొస్తాయి. వరదకు పోయిన ఇల్లు కట్టి వానకు ముంచామంటే సంఘానికే అప్రతిష్ఠ."

పట్టాభి నేలను చూశాడు, సందు వాలును చూశాడు. వంగి వేలితో కూడా గీశాడు. "వాన కోసమైతే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు చివరికి. "అడ్డంగా ఒక బండ వేయించండి. కానీ దాని మీద పసుపు రాయనని ఆమె దగ్గర మాట తీసుకోవాలి."

"తీసుకున్నాను" అంది అమల. అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

*

శనివారం దశరథ సైదాబాద్ నుంచి షాబాదు బండ ఒకటి కోయించి ఆటోలో పడేసుకుని వచ్చాడు. అండాలమ్మ ఆ పూట హాస్టల్ పనికి పోలేదు. తలుపు కింద సిమెంటు పగలగొడుతుంటే పక్కనే నిలబడింది. బండ దించబోతున్నప్పుడు "జర ఆగు మేస్త్రీ" అని, కొంగు ముడి విప్పి, తెల్లగుడ్డలో కట్టిన నవధాన్యాల మూట గుంతలో పెట్టింది. పసుపు చల్లింది. అమల సందు మొదట్లో కాపలా నిలబడి, పట్టాభి గారు ఎక్కడ ఊడిపడతాడో అని మెడ నొప్పెట్టేలా చూస్తోంది. ఆయన స్కూటర్ కనపడగానే ఎదురెళ్లి, ఆదివారానికి కుర్చీలు సరిపోవని, ఎల్బీ నగర్ వెళ్లి మరికొన్ని పట్టుకు రమ్మని బతిమాలి అటునుంచి అటే పంపేసింది. ఎందుకొచ్చిన తిప్పలు ఇవి? సంఘం మనిషై ఉండి నవధాన్యాల మూటకు కాపలా కాస్తోంది.

బండ కూర్చుంది. దశరథ చుట్టూ సిమెంటు పూసి, తడిగుడ్డ కప్పాడు. అమల అండాలమ్మను పక్కకు పిలిచింది.

"నీ గడప నీకు వచ్చింది. ఇక నా మాట ఒకటి విను. రేపొక్కరోజు దానికి పసుపు రాయకు."

"ఎల్లుండి రాయాల్నా?"

"ఎల్లుండి నీ ఇష్టం. రోజూ రాసుకో. రేపు మాత్రం వద్దు."

అండాలమ్మ ఆమె మొహంలోకి నిదానంగా చూసింది. "నా గడప అంటివి. మల్ల నువ్వే ఎప్పుడు రాయాల్నో చెప్పవడితివి" అంది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

"మాట ఇచ్చేశాను అండాలమ్మా!"

"ఎవలకు?"

"పట్టాభి గారికి."

"నన్నడిగి ఇచ్చినవా?"

అమలకు అవతల పని గుర్తొచ్చింది. ఇంట్లోకి వెళ్లి, సంఘం బ్యానర్ ఏ గోడకు కట్టాలో చూసింది. అండాలమ్మ గూట్లో పెట్టుకున్న ఎల్లమ్మ పటం బ్యానర్‌కు అడ్డొస్తుంటే తీసి బియ్యం డబ్బా వెనక ఆనించింది. పాస్టర్ గారు ఎక్కడ నిలబడాలో, వచ్చిన దంపతులు ఎక్కడ కూర్చోవాలో గౌతమ్‌కు చెప్పింది. ఆమె బయటికి వచ్చేసరికి అండాలమ్మ టార్పాలిన్ కింద వీపు తిప్పుకుని కూర్చుని వంటగిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెలే తోముతోందని అమలకు అనిపించింది గానీ ఆగి మాట్లాడే ఓపిక లేకపోయింది.

*

ఆదివారం ఆరాధన ముగించుకుని అందరూ ఆటోల్లో, కార్లలో బస్తీకి చేరారు. ముందు పాస్టర్ గారు బైబిలు పట్టుకుని, వెనక విజయవాడ దంపతులు రంగు కాగితం చుట్టిన గోడగడియారం పట్టుకుని, వాళ్ల వెనక పట్టాభి, ఆయన వెనక టీషర్టుల బృందం. అమల చేతిలో స్వీట్ల డబ్బా. పొద్దున్నే వచ్చి గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టానని గౌతమ్ దారంతా చెబుతూనే ఉన్నాడు.

సందు మలుపు తిరగగానే అమల నడక ఆగింది.

బండ పొడుగునా పసుపు. పచ్చగా, దట్టంగా, అంచుల దాకా. దాని మీద వరుసగా కుంకుమ బొట్లు. ముందర ముగ్గు. గౌతమ్ కట్టిన రిబ్బను గుమ్మానికి ఉంది గానీ, దానికి మామిడాకులు గుచ్చి ఉన్నాయి. లోపలి నుంచి పాలు పొంగిన వాసన వస్తోంది. పెట్టెలు, డబ్బాలు అన్నీ ఇంట్లోకి చేరాయి. టార్పాలిన్ మడతపెట్టి లచ్చయ్య జామకాయల బండి మీద పెట్టాడు. తానేమో కొత్త లుంగీ కట్టుకుని, మేడం మొహం చూడలేక బండి చక్రం వంక చూస్తున్నాడు.

"మాట తీసుకున్నానన్నారు" పళ్ల మధ్య నుంచి అన్నాడు పట్టాభి.

"తీసుకోలేదు. అబద్ధం చెప్పాను" అంది అమల. ఇక దాచే ఓపిక కూడా అయిపోయింది.

ఆయన ఏదో అనబోయేలోపే అండాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. హాస్టల్‌కు కట్టుకుపోయే పాత చీర కాదు, ఆకుపచ్చ నేత చీర. గడపకు లోపలి పక్కన నిలబడి, పాస్టర్ గారి నుంచి చివరి టీషర్టు దాకా అందరినీ చూసి, అరచెయ్యి ఎత్తింది.

"జర ఆగుండ్రి. చెప్పులు గాడ విడువుండ్రి. నీళ్లు తెస్త, కాళ్లు కడుక్కుందురు. నేను పిలిచినంక లోపల్కి రాండ్రి."

అని లోపలికి వెళ్లిపోయింది.

ఊరేగింపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కట్టినవాళ్లు, కట్టించినవాళ్లు, కట్టించబోయేవాళ్లు, అందరూ ఎండలో చెప్పులు విప్పి నిలబడ్డారు. పాస్టర్ గారు బైబిలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. ఇన్నాళ్లూ వీళ్లు బస్తీవాళ్లను చూసి ఫొటోలు తీశారు. ఇప్పుడు యాదలక్ష్మి, సందులో మిగతా ఆడవాళ్లు కూలిన గోడల మీద కూర్చుని వీళ్లను తీరిగ్గా చూస్తున్నారు. అమలకు అరికాళ్లు కాలుతున్నాయి. ఏం చేస్తోందీవిడ లోపల? పిలవడానికి ఇంతసేపా?

మెడ చాచి చూసింది. అండాలమ్మకు ఏమీ తొందర లేదు. చాప పరిచింది. పరిచిన చాప నచ్చక ఇంకోవైపు పరిచింది. బియ్యం డబ్బాను మూలకు జరిపింది. డబ్బా వెనక నుంచి ఎల్లమ్మ పటం తీసి, కొంగుతో తుడిచి, గూట్లో పెట్టి, అడ్డొచ్చిన బ్యానర్ కొసను విప్పి మడిచింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఇంటి నడుమ నిలబడి నాలుగు గోడలూ చూసుకుంది. వరద వచ్చిన నాటి నుంచీ ఆమె ఉన్న చోటికి ఎవరు పడితే వాళ్లు నడిచి వచ్చేవాళ్లే. లెక్క రాసుకునేవాళ్లు, బియ్యం పంచేవాళ్లు, సంఘం వాళ్లు. అందరికన్నా ఎక్కువసార్లు వచ్చింది అమలే. రావచ్చా అని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు, కాలుతున్న నేల మీద, ఆమెకు తెలిసొచ్చింది. కోపం మొహంలో అలాగే ఉండిపోయింది గానీ అది ఎవరి మీదో చప్పున గుర్తు రాలేదు.

అండాలమ్మ బకెట్లో నీళ్లు, చెంబు తెచ్చి గడప పక్కన పెట్టింది. "రాండ్రి అయ్యగారు" అని పాస్టర్ గారిని పిలిచింది. ఆయన కాళ్లు కడుక్కుని నవ్వుతూ లోపలికి వెళ్లారు. విజయవాడావిడ కాళ్లు కడుక్కుని, ముగ్గు తొక్కకుండా చీర కుచ్చిళ్లు పట్టుకుని దాటుతూ, "మా అమ్మ కూడా ఇలాగే నిలబెట్టేదండీ చుట్టాలని" అంది భర్తతో. తర్వాత గడియారం కాగితం విప్పుతూ మిగతా ఇళ్ల సంగతి ఆమే అడిగింది, ఎప్పుడు మొదలుపెడతారని.

పట్టాభి వంతు వచ్చింది. ఆయన పసుపు వంక చూశాడు, కుంకుమ వంక చూశాడు, లోపలున్న పాస్టర్ గారి వంక చూశాడు. సందంతా ఆయన్ని చూస్తోంది.

"రాండ్రి సారూ. మీరే రాకుంటే ఎట్ల?" అంది అండాలమ్మ.

ఆయన గొణుక్కుంటూ ప్యాంటు మడిచాడు. చెంబుతో నీళ్లు పోసుకున్నాడు. అంత గొణిగిన మనిషీ, లోపలికి వెళ్లేటప్పుడు కుడికాలు ముందు ఎత్తి, బండకు మడమ తగలకుండా జాగ్రత్తగా అవతల వేశాడు. గడప తొక్కకూడదని చిన్నప్పుడు తల్లి నేర్పిన నడక అది. ఏ బాప్తిస్మమూ దాన్ని మాన్పించలేదు. అండాలమ్మ ఆ కాలి వంకే చూసి, ఆయనకు చాప మీద చోటు చూపించింది.

గౌతమ్ వెళ్లాడు. టీషర్టులన్నీ వెళ్లాయి. బూట్లు సందు పొడుగునా బారులు తీరాయి. లోపల పాట మొదలైంది. అమల ఒక్కతే స్వీట్ల డబ్బా పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. డబ్బా అడుగున నూనె చెమర్చి వేళ్లకు అంటుతోంది.

అండాలమ్మ తిరిగి గుమ్మంలోకి వచ్చింది. "ఏందమ్మా, గట్లనే నిలవడ్డవ్? అందరొచ్చిన్రు గద!"

"నన్ను పిలవలేదుగా!" అంది అమల. విసుగ్గానే అనబోయింది గానీ అలిగినట్టు వచ్చింది.

అండాలమ్మ నవ్వింది. ఇన్నాళ్ల పరిచయంలో ఆమె నవ్వు చూడటం అమలకు ఇదే మొదటిసారి, ముందు పన్ను ఒకటి లేదని కూడా ఇప్పుడే తెలిసింది. వంగి చెంబు ముంచి, తానే అమల కాళ్ల మీద నీళ్లు పోసింది. కాలిన పాదాలు చల్లబడ్డాయి.

"లోపల్కి రా బిడ్డ" అంది. "మనిల్లే."